రచయితతో బహిరంగ సంభాషణ: విశాఖలో ఎలా మొదలుపెట్టాలి?

మీ ప్రశ్న సారాంశం ఇది: విశాఖలో కొంతమంది పాఠకులు కలిసి ఒక బృందంగా ఏర్పడ్డారు. రచయితలను పిలిచి జనం ముందు మాట్లాడించాలని ఉంది. వచ్చే చలికాలంలో రెండు రోజుల సాహిత్య ఉత్సవం కూడా పెట్టాలని ఉంది. హాలు, ఖర్చు, రచయితలు, ప్రశ్నలు, వీటిలో దేనితో మొదలుపెట్టాలి? ఈ ఊళ్ళో చాలా కాలంగా ఇలాంటి కార్యక్రమాలు నడుపుతూ, రచయితల ఎదురుగా కూర్చుని ప్రశ్నలు అడుగుతూ వస్తున్నాను కాబట్టి కాస్త వివరంగానే చెబుతాను.

ముందు నా అభిప్రాయం చెప్పేస్తాను. ఉత్సవాన్ని ఒక ఏడాది వాయిదా వేయండి. ఈ ఏడాదంతా నెలకు ఒక రచయిత, ఒక పుస్తకం, ఆ పుస్తకాన్ని ఆమూలాగ్రం చదివిన ఒక్క మనిషి. ఈ మూడూ కుదిరితే హాలు చిన్నదైనా, మైకు పాతదైనా కార్యక్రమం నిలబడుతుంది. మూడోది లేకపోతే మిగతావన్నీ ఉన్నా నిలబడదు.

మన పుస్తకావిష్కరణ సభకు ఒక స్థిరమైన క్రమం ఉంది. జ్యోతి ప్రజ్వలన, ప్రార్థన గీతం, సభాధ్యక్షుని తొలిపలుకులు, ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, ఆత్మీయ అతిథి, సమీక్షకులు, శాలువా, జ్ఞాపిక, రచయిత స్పందన, వందన సమర్పణ. ఈ సభలను నేను తక్కువ చేయడం లేదు. ఒక మనిషి ఏళ్ళ తరబడి కూర్చుని రాసినదాన్ని ఊరు గౌరవించే పద్ధతి అది. అది ఉండాలి. అయితే సభ పని సభది, సంభాషణ పని సంభాషణది. రెండింటినీ ఒకే సాయంత్రంలో కలిపితే ప్రతిసారీ సభే గెలుస్తుంది. ఒక కార్యక్రమం నాకు ఇప్పటికీ బాధగా గుర్తుంది. రాత్రంతా రైలు ప్రయాణం చేసి వచ్చిన నవలా రచయిత్రి. వేదిక మీద తొమ్మిది కుర్చీలు. ఆహ్వాన పత్రికలో మాత్రం ‘రచయిత్రితో ముఖాముఖి’ అని ఉంది. పెద్దలందరూ మాట్లాడాక మైకు ఆమె చేతికి వచ్చేసరికి ఎనిమిదిన్నర దాటింది. గాజువాక వైపు వెళ్ళవలసినవాళ్ళు బస్సు కోసం అప్పటికే లేచి వెళ్ళిపోయారు. ఆమె నవలలో ఒక అధ్యాయం గురించి అడగాలని కాగితం మీద రాసుకుని వచ్చిన ఒక డిగ్రీ విద్యార్థిని ఆ కాగితం మడిచి సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయింది. ఆ అమ్మాయి కోసం పెట్టవలసిన కార్యక్రమం అది.

కాబట్టి మీ వేదిక మీద రెండే కుర్చీలు ఉండాలి. పరిచయం రెండు నిమిషాలు మించకూడదు. శాలువా కప్పాలనుకుంటే కార్యక్రమం అయ్యాక కప్పండి. ఊరి పెద్దలను పిలవండి, మొదటి వరసలో కూర్చోబెట్టండి, పేరు చెప్పి ఆహ్వానించండి. మైకు మాత్రం ఇవ్వకండి. దీనికి కొందరు నొచ్చుకుంటారు. ముందుగా ఇంటికి వెళ్ళి, పద్ధతి ఇదీ అని స్వయంగా చెబితే చాలామంది అర్థం చేసుకుంటారు.

ఇక ఎదురుగా కూర్చునే మనిషి సంగతి. రచయితను జనం ముందు ప్రశ్నించడం మనకు కొత్తగా వచ్చిన విద్య కాదు. అష్టావధానంలో పృచ్ఛకులు, అంటే అవధానికి ప్రశ్నలు వేసేవాళ్ళు, ఎనిమిది మంది ఉంటారు. తిరుపతి వేంకట కవుల అవధానాలకు జనం విరగబడి వచ్చారంటే అది పద్యం కోసమే కాదు, అడిగేవారికీ చెప్పేవారికీ మధ్య ఏం జరుగుతుందోనన్న ఉత్కంఠ కోసం కూడా. నిషిద్ధాక్షరి ఇచ్చే పృచ్ఛకుడికి ఛందస్సు మీద పట్టు లేకపోతే అవధాని ప్రతిభ బయటికి రాదు. తర్వాత ఏ అక్షరం పడబోతోందో ఊహించి దాన్ని నిషేధించగలిగినవాడే ఆ పద్యానికి పదును పెడతాడు. మీ సంభాషకుడి పని కూడా అదే. అతను ఆచార్యుడు కానక్కర్లేదు, పేరున్న విమర్శకుడు కానక్కర్లేదు. బ్యాంకు ఉద్యోగి కావచ్చు, బడి టీచరు కావచ్చు. పుస్తకాన్ని రెండుసార్లు చదివి ఉండాలి. మొదటిసారి పాఠకుడిగా, రెండోసారి పెన్సిల్ పట్టుకుని. ఆ రచయితవి అంతకు ముందు వచ్చిన పుస్తకాలు కనీసం రెండు చదివి ఉండాలి. పాత ఇంటర్వ్యూలు కూడా చూడాలి, ఎందుకంటే రచయిత పదేపదే చెప్పిన జవాబులు మళ్ళీ చెప్పించకుండా ఉండటానికి.

‘మీకు ప్రేరణ ఎవరు?’, ‘రాయడం ఎప్పుడు మొదలుపెట్టారు?’, ‘యువతకు మీరిచ్చే సందేశం ఏమిటి?’ ఈ మూడు ప్రశ్నలు మీ కార్యక్రమంలో వినిపించకూడదు. ఇవి ఏ రచయితనైనా, ఏ పుస్తకమూ చదవకుండా అడగగలిగిన ప్రశ్నలు. వీటికి వచ్చే జవాబులు కూడా అలాగే ఉంటాయి.

మంచి ప్రశ్న పేజీలో నుంచి పుడుతుంది. ఉదాహరణకు కాళీపట్నం రామారావు గారి ‘యజ్ఞం’ కథ తీసుకుందాం. కారా మాస్టారు ఈ ఊళ్ళోనే దశాబ్దాలపాటు బడి పంతులుగా పనిచేశారు కనుక ఆయన మనకు ఇంటిమనిషి. ఆ కథలో అప్పు గురించిన పంచాయితీ పేజీలకు పేజీలు సాగుతుంది. ఎవరు ఎంత తీసుకున్నారు, ఎంత కట్టారు, ఊరు ఎలా మారింది అన్నీ నింపాదిగా నడుస్తాయి. చివరికి అప్పుపడ్డ ఇంటి కొడుకు సీతారాముడు కన్నబిడ్డను చంపుతాడు. ఆ ముగింపు మీద విమర్శకులు ఏళ్ళ తరబడి వాదించుకున్నారు. అలాంటి రచయిత ఎదురుగా కూర్చుంటే ‘ఈ కథ ఎందుకు రాశారు?’ అని అడగడం వృథా. ‘పంచాయితీకి అన్ని పేజీలు ఇచ్చి ముగింపుకు ఇంత తక్కువ చోటు ఇచ్చారు. మొదటి చిత్తుప్రతిలోనే ఇలా ఉందా, తర్వాత కుదించారా?’ అని అడగండి. అప్పుడు ఆయన తన బల్ల దగ్గరికి, కొట్టివేతల దగ్గరికి వెళ్ళి జవాబు చెప్పవలసి వస్తుంది. శ్రోతకు దొరకవలసింది అదే, పుస్తకంలో కనిపించనిది.

ప్రశ్నలు పన్నెండు రాసుకోండి, ఆరు అడగండి. వరసగా చదవకండి. రచయిత మొదటి జవాబులో ఏదో ఒక మాట జారవిడుస్తారు, దాన్ని పట్టుకుని ముందుకు వెళ్ళాలి. నేను చూసిన సంభాషకులలో ఎక్కువమంది విఫలమయ్యేది ఇక్కడే. జవాబు వినకుండా కాగితంలో తర్వాతి ప్రశ్న వెతుక్కుంటారు. ఇంకొందరు ప్రశ్న పేరుతో నాలుగు నిమిషాలు ఉపన్యసిస్తారు. ప్రశ్న రెండు వాక్యాలు దాటకూడదు. మౌనానికి కూడా భయపడకూడదు. రచయిత ఆలోచిస్తూ ఆగితే ఆగనివ్వండి. తొందరపడి మీరు మాట అందిస్తే రాబోయే మంచి జవాబు ఆగిపోతుంది. ముందు రోజు ఒక అరగంట కలిసి కూర్చోండి. ఏ విషయాలు మాట్లాడదాం, ఏవి వద్దు అని తెలుసుకోండి. ప్రశ్నలు మాత్రం ముందే చూపించకండి. చూపిస్తే వేదిక మీద జవాబులు అప్పజెప్పినట్టు వస్తాయి.

మధ్యలో ఒకసారి రచయిత చేత ఐదు నిమిషాలు చదివించండి. ఇది తప్పనిసరి. ముఖ్యంగా ఉత్తరాంధ్ర పలుకుబడిలో రాసేవాళ్ళను. అచ్చులో కష్టంగా అనిపించిన సంభాషణ రచయిత గొంతులో ఒక్కసారిగా వెలుగుతుంది, పుస్తకం కొనాలా వద్దా అని ఆలోచిస్తున్నవాళ్ళు అక్కడే నిర్ణయానికి వస్తారు. ఏ పేజీ చదవాలో ముందే అనుకుని కాగితం పెట్టి ఉంచండి, వేదిక మీద పేజీలు తిప్పుతూ వెతుక్కుంటే వేడి తగ్గిపోతుంది. మొత్తం గంటా పావు చాలు. నలభై నిమిషాలు సంభాషణ, పఠనం, మిగతాదంతా శ్రోతల ప్రశ్నలకు.

శ్రోతల ప్రశ్నల దగ్గర నాకు గట్టి పట్టుదల ఉంది. వాటిని ‘సమయం మిగిలితే’ అన్న కోవలో పెట్టకండి. విశాఖ చరిత్రే దానికి సాక్ష్యం. 1970 ఫిబ్రవరిలో ఈ ఊళ్ళో శ్రీశ్రీ షష్టిపూర్తి ఘనంగా జరిగింది. ఆ వేదిక మీద ఎవరెవరు ఏం మాట్లాడారో ఇవాళ పరిశోధకులకు తప్ప ఎవరికీ గుర్తులేదు. అందరికీ గుర్తున్నది ఒక కరపత్రం. ‘విశాఖ విద్యార్థులు’ పేరుతో వచ్చిన ఆ కరపత్రం రచయితలను ‘మీరెటువైపు?’ అని నిలదీసింది. అదే ఏడాది జూలై 4న విప్లవ రచయితల సంఘం ఏర్పడింది, శ్రీశ్రీయే అధ్యక్షుడయ్యారు. ఆ రాజకీయాలతో ఎవరు ఎంతవరకు ఏకీభవిస్తారన్నది వేరే చర్చ. తెలుగు సాహిత్యంలో ఒక పెద్ద మలుపు వేదిక మీది ప్రసంగంతో కాక, కింద ఉన్నవాళ్ళు వేసిన ప్రశ్నతో వచ్చిందన్నది మాత్రం వాస్తవం.

ఇంకో సంఘటన, చాలా చిన్నది. రేవు పనివాళ్ళ జీవితం మీద నవల రాసిన ఒక రచయితతో సంభాషణ. శ్రోతల వంతు రాగానే వెనక వరసలో ఒక పెద్దాయన లేచారు. పోర్టులో కళాసీగా పనిచేసి రిటైరైన మనిషి. ‘బాబూ, మీ పుస్తకంలో రాత్రి షిఫ్టు దిగినవాడు ఇంటికొచ్చి నేరుగా కంచం ముందు కూర్చున్నాడు. బొగ్గు ఓడ దించినవాడు స్నానం చెయ్యకుండా అన్నం ముట్టడు. నోట్లో కూడా బొగ్గే ఉంటుంది, ముందు పుక్కిలించాలి’ అన్నారు. రచయిత తన పుస్తకం తెరిచి ఆ పేజీ తీసి చూసుకున్నారు. తర్వాత పది నిమిషాలు ఆ పెద్దాయనే చెప్పారు, రచయిత రాసుకున్నారు. అంతకు ముందు నేను అడిగినవాటిలో దేనికీ అంత బలం లేదు. ఇలాంటివాళ్ళు మీ హాలుకు రావాలంటే ఆహ్వానం సాహిత్య సంఘాల వాట్సాప్ గుంపులలో తిరిగితే సరిపోదు. పుస్తకం దేని గురించి ఉందో ఆ మనుషుల దగ్గరికి వెళ్ళాలి. మత్స్యకారుల గురించైతే పెదజాలారిపేటకు, ఉక్కు కార్మికుల గురించైతే ఉక్కునగరానికి.

ఉపన్యాసం మొదలుపెట్టే శ్రోతను ఎలా ఆపాలని అడుగుతారని తెలుసు. మైకు శ్రోత చేతికి ఇవ్వకండి, మీ వలంటీరు పట్టుకోవాలి. మొదటి ప్రశ్న విద్యార్థికి ఇవ్వండి. మొదటి ప్రశ్న చిన్నగా ఉంటే తర్వాతివి కూడా చిన్నగానే వస్తాయి. నిలబడి మాట్లాడటానికి సంకోచించేవాళ్ళ కోసం చీటీలు పంచండి. ఆడవాళ్ళ నుంచి, మొదటిసారి వచ్చినవాళ్ళ నుంచి మంచి ప్రశ్నలు చాలావరకు చీటీల మీదే వస్తాయి.

హాలు విషయం. మొదటి ఏడాదికి ద్వారకానగర్‌లోని పౌర గ్రంథాలయం లాంటి చోటు నయం. ఆర్టీసీ కాంప్లెక్సుకు దగ్గర, ఊరు నలువైపుల నుంచీ బస్సులు ఉంటాయి, చుట్టూ పుస్తకాలు ఉంటాయి. కళాభారతి, సిరిపురంలోని గురజాడ కళాక్షేత్రం మంచి వేదికలే, కానీ అరవై మంది శ్రోతలు అంత పెద్ద హాల్లో కూర్చుంటే రచయితకు ఖాళీ కుర్చీలే కనిపిస్తాయి. అదే అరవై మంది చిన్న గదిలో ఉంటే గది నిండుతుంది, మాట వేడెక్కుతుంది. ఆంధ్ర విశ్వవిద్యాలయం ఆవరణలో పెడితే విద్యార్థులు వస్తారు, కానీ పరీక్షల తేదీలు ముందుగా కనుక్కోండి. కుర్చీలు ఎదురెదురుగా కాకుండా కాస్త వాలుగా, శ్రోతల వైపు తిరిగి ఉండేలా వేయించండి. ఇద్దరికీ కాలర్ మైకులు ఉంటే చేతులు ఖాళీగా ఉంటాయి, మాట సహజంగా వస్తుంది. శ్రోతల మీద కూడా దీపాలు వెలిగే ఉండాలి. ఎదుటి ముఖాలు కనపడకపోతే రచయిత చీకటితో మాట్లాడినట్టు ఉంటుంది.

రామకృష్ణా బీచ్‌లో పెడదామన్న ఆలోచన ప్రతి బృందానికీ వస్తుంది. ఆకర్షణ నాకు తెలుసు. కానీ సాయంత్రం సముద్రం మీది నుంచి వచ్చే గాలి మైకులో పడి హోరు పెడుతుంది, స్పాంజి తొడుగు వేసినా పూర్తిగా ఆగదు. కవిత్వ పఠనానికి, పాటకు బీచ్ బాగుంటుంది. చిత్తుప్రతుల గురించి, పాత్రల గురించి నెమ్మదిగా మాట్లాడుకోవడానికి కుదరదు. ఆరుబయట పెడితే పోలీసు అనుమతి తీసుకోవాలి, రాత్రి 10 దాటాక లౌడ్‌స్పీకరు వాడకూడదు.

పుస్తకం గురించి ఒక మాట. తెలుగులో చాలా పుస్తకాలు 500 లేదా 1000 ప్రతులే అచ్చవుతాయి, ఊళ్ళో ఏ దుకాణంలోనూ దొరకకపోవచ్చు. అందుకే నెల ముందే ప్రచురణకర్తతో మాట్లాడి ప్రతులు తెప్పించండి. బృందంలో కనీసం పదిమంది కార్యక్రమానికి ముందే చదివి ఉండాలి. పౌర గ్రంథాలయంలో రెండు ప్రతులు ఉంచితే కొనలేనివాళ్ళు కూడా చదువుతారు. కార్యక్రమం అయ్యాక తలుపు దగ్గర బల్ల వేసి పుస్తకాలు పెట్టండి, రచయిత అక్కడ కూర్చుని సంతకం చేస్తారు. సంతకం చేయించుకుంటూ పాఠకులు అడిగే చిన్న చిన్న మాటలు కూడా సంభాషణలో భాగమే, ఆ సమయాన్ని ఫొటోలకు అప్పగించకండి.

డబ్బు. రచయితకు ప్రయాణ ఖర్చు, మంచి వసతి, గౌరవ పారితోషికం ఇవ్వండి. పారితోషికం చిన్న మొత్తమైనా ముందుగానే ఎంతో చెప్పండి, కవరు అదే సాయంత్రం చేతికి అందాలి. ‘సాహిత్య సేవ కదా’ అంటూ రచయితల శ్రమను ఉచితం చేసేసిన అలవాటు మనదే, దాన్ని మనమే మార్చాలి. ప్రవేశం ఉచితంగా ఉంచండి, సభ్యుల నెలవారీ చందాతో నడపండి. ఒకే దాత మొత్తం భరించే ఏర్పాటు వద్దు, రెండో నెలకే వేదిక మీద మూడో కుర్చీ కావాలంటారు.

ఏడాది గడిచాక ఉత్సవం గురించి ఆలోచించండి. అప్పటికి మీకు నమ్మకమైన శ్రోతలు ఉంటారు, మంచి సంభాషకులు ముగ్గురు నలుగురు తయారవుతారు. వాళ్ళు లేకుండా ఉత్సవం పెడితే బయటి ఊళ్ళ పెద్ద పేర్లు వచ్చి వెళ్తాయి, ఊళ్ళో ఏమీ మిగలదు. ఇంగ్లండులో చెల్టెన్‌హామ్ సాహిత్య ఉత్సవం 1949లో మొదలైంది. మన దేశంలో జైపూర్ ఉత్సవం 2006లో, హైదరాబాద్ లిటరరీ ఫెస్టివల్ 2010లో, కోళికోడ్ బీచ్‌లో కేరళ ఉత్సవం 2016లో మొదలయ్యాయి. వీటిలో మనం శ్రద్ధగా చూడవలసింది కోళికోడ్‌ను. మనలాగే సముద్రపు ఊరు. రాష్ట్ర రాజధాని కాదు. ఆ ఉత్సవానికి వెన్నెముక మలయాళ పాఠకులే. ఊరూరా గ్రంథాలయాలు నడిపిన ఉద్యమం ఆ పాఠకులను ముందే తయారుచేసి పెట్టింది. 2023లో యునెస్కో ఆ ఊరిని సాహిత్య నగరంగా గుర్తించింది, భారతదేశంలో ఆ గుర్తింపు పొందిన మొదటి ఊరు అదే. శ్రీశ్రీ, ఆరుద్ర పుట్టిన ఊరు, రావిశాస్త్రి గారు వకీలుగా తిరిగిన ఊరు, గురజాడ వారి విజయనగరం పక్కనే ఉన్న ఊరు ఆ వైపు ఎందుకు చూడకూడదు?

తేదీ జాగ్రత్తగా ఎంచుకోండి. అక్టోబరు, నవంబరు తుపాన్ల నెలలు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఈ ఊరిని ఏం చేసిందో మరిచిపోలేదు కదా. సంక్రాంతికి సగం ఊరు పల్లెలకు వెళ్ళిపోతుంది, మార్చి వస్తే పరీక్షలు. మిగిలింది జనవరి చివరి నుంచి ఫిబ్రవరి మధ్య దాకా. శ్రీకాకుళంలో కారా మాస్టారు 1997లో స్థాపించిన కథానిలయం వార్షిక సమావేశాలు కూడా ఫిబ్రవరిలోనే జరుగుతుంటాయి. వాళ్ళతో మాట్లాడి తేదీలు కలుపుకుంటే అక్కడికి వచ్చే కథకులు మీ దగ్గర ఒక రోజు ఆగగలుగుతారు.

జైపూర్‌ను చిన్న పరిమాణంలో మళ్ళీ కట్టకండి. ఈ ఊరికే చెల్లే గోష్ఠులు ఆలోచించండి. రావిశాస్త్రి గారి ‘ఆరు సారా కథలు’ మీద ఒక కథకుడినీ, కింది కోర్టుల్లో పనిచేసే ఒక వకీలునీ ఎదురెదురుగా కూర్చోబెట్టండి. మద్యనిషేధ చట్టం పేదవాడి మీద ఎలా పడిందో ఆ కథలు చెబుతాయి. ఇవాళ కోర్టులో ఏది మారింది, ఏది మారలేదు అన్నది వకీలు చెబుతారు. రచయిత జీవించి లేకపోయినా సంభాషణ జరుగుతుంది. అలాగే ఒడియా. గోపీనాథ మహంతి కోరాపుట్ కోదు ఆదివాసుల జీవితం మీద రాసిన నవలను విశాఖవాసి పురిపండా అప్పలస్వామి గారు ‘అమృత సంతానం’గా తెలుగు చేశారు. ఆ కొండలు మన అరకు కొండలకు కొనసాగింపే. కోరాపుట్ నుంచి ఒక ఒడియా రచయితనూ, మన ఏజెన్సీ నుంచి ఒక ఆదివాసీ కథకుడినీ ఒకే గోష్ఠికి పిలవండి. అనువాదకుడు వాక్యం వాక్యానికీ చెప్పాలి కనుక సమయం రెట్టింపు పడుతుంది, ప్రశ్నలు సగానికి తగ్గించుకోండి. ఒకే సమయంలో రెండు వేదికలు నడపకండి, మన ఊళ్ళో ఉన్న శ్రోతలు ఒక వేదికకే సరిపోతారు.

ప్రతి సంభాషణనూ రికార్డు చేయండి, రచయిత లిఖితపూర్వక అనుమతితో. వీడియో పెట్టేసి ఊరుకోకుండా, మాటలను కాగితం మీదికి ఎక్కించి, రచయితకు చూపించి సరిచేయించి దాచండి. పెద్ద రచయితలు ఎందరో ఈ ఊళ్ళో మాట్లాడారు, ఆ మాటల్లో మనకు దక్కినవి ఎంత తక్కువో తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది.

మొదటి రచయితగా ఎవరిని పిలవాలో నేను చెప్పను, అది మీ బృందం చదువును బట్టి ఉండాలి. మీలో కనీసం ముగ్గురికి నచ్చి, ఆ ముగ్గురూ విభేదించుకున్న పుస్తకం ఏదైనా ఉంటే దానితో మొదలుపెట్టండి. రచయితకు ఉత్తరం రాసేటప్పుడు మీ బృందం ఆశయాలూ సన్మానం సంగతీ పక్కన పెట్టి, ఏ పేజీ దగ్గర మీ ముగ్గురికీ వాదన వచ్చిందో అది రాయండి.